ఇసుక గుంటలో బీరు

మా అత్త పిచ్చమ్మ రుచి చూసి చెప్పే మాట మీద మా ఇల్లు గడిచేది. దాచేపల్లి దాటాక గురజాల రోడ్డు పక్కన మా కల్లుపాక. తెల్లవారేసరికి మా ఆయన చెన్నయ్య నాగులేరు గట్టున తాటిచెట్లెక్కి కల్లు పట్టిన కుండలు, లొట్లు, దించుకొచ్చేవాడు. అత్త ఒక్కో లొట్టిలో నుంచి తాటాకు దొప్పలోకి గుక్కెడు వంచుకునేది. పుక్కిట పట్టి, కాసేపుంచి, మింగి, ఒక మాట చెప్పేది. ఆమె దగ్గర మూడే మాటలుండేవి. పారబొయ్యి. కలుపు, అంటే మిగతా వాటిలో. తాగొచ్చు. "తాగొచ్చు"ను మించిన మెప్పు ఆమె నోట నేను వినలేదు.

కల్లు దించినవాడు రుచి చూడడం మా ఇంట్లో లేదు. "చెట్లెక్కి దిగొచ్చినోడికి దప్పికగా ఉంటది. దప్పికలో అన్నీ బాగానే ఉంటయ్" అనేది అత్త. కోడలు చూడడమూ లేదు. పెద్దామె ఉండగా చిన్నదాని నాలుకకు పని ఉండదు. లొట్లు కడగడం, వేడినీళ్ళు పోసి ఎండబెట్టడం, వచ్చినవాళ్ళకు పొయ్యడం నా పని. పెళ్ళయి ఆ ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళయినా కల్లు వాసనలో బతికానేగాని దొప్ప పట్టింది లేదు.

నేను చెప్పేది ఎనభై ఆరు వేసవి సంగతి. ఆ ఏడాదే రోడ్డుకు అవతల శేషగిరిరావు రేకుల షెడ్డు వేసి కల్లు దుకాణం పెట్టాడు. ఆయన కల్లులో ఏదో పొడి కలుపుతాడని చెప్పుకునేవారు. కలపడం నేను చూడలేదు. అక్కడ తాగినవాళ్ళు తొందరగా పడిపోవడం మాత్రం చూశాను. నాపరాయి క్వారీలవాళ్ళు, లారీలవాళ్ళు సగం మంది అటు మళ్ళారు. మిగిలిన సగం మంది అత్త నోటి మీద నమ్మకంతో మా దగ్గరే ఉన్నారు.

"పిచ్చమ్మా, ఎందుకీ తిప్పలు? పాక నాకిచ్చి మంచమేసుకుని కూర్చో" అని శేషగిరిరావు రెండుసార్లు అడిగాడు.

"నా నోరు పడిపోయిన్నాడు ఇస్తాలే, శేషగిరిగారూ" అంది అత్త.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

ఉగాది ముందు ఒక మధ్యాహ్నం మా పాక ముందు జీపు ఆగింది. కొత్తగా కడుతున్న సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంట చేసే దేవానందం దిగాడు. వెనక ఒక తెల్లాయన దిగాడు. యాభై దాటి ఉంటాయి. పేరు హెండ్రిక్. సిమెంటు కాల్చే పెద్ద కొలిమి, కిల్న్, బిగించడానికి బెల్జియం నుంచి వచ్చిన ఇంజనీరు.

"పెద్దమ్మా, సారుకు తల తిరుగుతోందంట. కాస్త పొయ్యి" అన్నాడు దేవానందం.

"తల తిరిగేవోడికి కల్లు పోస్తారంట్రా? మజ్జిగ పొయ్యలేకపోయావా?"

"పోశా. వద్దన్నాడు. పాక కనపడితే జీపాపమన్నాడు. ఏం చెయ్యమంటావ్?"

నేను దొప్పలో పోసి ఇచ్చాను. ఆయన ముందు వాసన చూశాడు. తరవాత కొంచెం నోట్లోకి తీసుకుని, పుక్కిట పట్టి, కళ్ళు కిందికి దించుకుని ఆగాడు. అత్త చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"ఏమే మల్లీ, ఈయన తాగటల్లేదే. రుచి చూస్తన్నాడు" అంది నాతో.

ఆ తరవాత వారానికి రెండు మూడుసార్లు వచ్చేవాడు. ఏ పొద్దున దించారు, కాయలు కాయని పోతుతాడా, కాసే పండుతాడా, ఆ చెట్టుకు ఎండ ఎటు తగులుతుంది అని అడిగేవాడు. దేవానందం ఇటు తెలుగులో, అటు ఇంగ్లీషులో మాటలు మోసేవాడు. వాళ్ళ నాన్న బీరు కాచేవాడనీ, తాత కూడా అదే పని చేసేవాడనీ, తనొక్కడే ఇనుము పనిలో పడ్డాడనీ అట్లా తెలిసింది.

"మరి చెయ్యి ఆ పని మర్చిపోలేదా?" అని అడిగించింది అత్త.

దానికి ఆయన నోటితో జవాబు చెప్పలేదు. మరుసటి వారం దేవానందం ఒక్కడే వచ్చి లబోదిబోమన్నాడు.

"పెద్దమ్మా, గెస్ట్‌హౌస్ స్నానాలగది నిండా బార్లీ గింజలు ఆరబోశాడు. మొలకలొస్తన్నయ్. మేనేజరుగారొస్తే నేనేం చెప్పేది? స్నానం చేసే వీల్లేదు, బార్లీ తొక్కుతామంట!"

మొలకలు ఎండబెట్టి, మా పొయ్యి మీద మా మూకుళ్ళలోనే వేయించాడు. కొన్ని ఎర్రగా, కొన్ని నల్లబడేదాకా వేయించాడు. నీళ్ళలో ఉడికించి వడకట్టాడు. దేశం నుంచి తెచ్చుకున్న ఎండుపువ్వులు గుప్పెడు వేశాడు, చేదు కోసమని. నల్లచక్కెర కావాలన్నాడు. వాళ్ళ దేశంలో ఈ రకం బీరులో అది పడాలట. అత్త అటక మీద నుంచి తాటిబెల్లం దించింది. సున్నం పూసిన లొట్లలో దించిన తియ్యకల్లు కాచి మేం చేసిన బెల్లం. ఆయన ఒక ముక్క చప్పరించి మొత్తం బుట్ట పక్కన పెట్టేసుకున్నాడు.

చివరికి చొక్కా జేబులోంచి ఒక చిన్న సీసా తీశాడు. అడుగున తెల్లటి మడ్డి ఉంది.

"ఏందది?" అంది అత్త.

"తోడంట. మజ్జిగ తోడుందే, అట్టాంటిది. వాళ్ళ నాన్న కాచిన బీరులోదంట. ఏ దేశంలో ఉద్యోగం చేసినా దానికింత తీపి పోసి బతికించుకుంటన్నాడంట."

అత్త ఆ సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. రెండు చేతులతో తిరిగిచ్చింది. ఆమె ఒక మనిషిని లెక్కలోకి తీసుకోవడం నేను చూసింది అప్పుడు.

ఆ తోడు కలిపిన బీరును ఆ వేడిలో గెస్ట్‌హౌస్‌లో పెడితే పాడైపోతుంది. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మా పాక వెనక గుంట ఉంది. నాగులేరు ఇసుక నింపి, పూటపూటా నీళ్ళు చల్లి, లొట్లు అందులో కుదురుగా పెట్టేవాళ్ళం. రెండు పచ్చడి జాడీల నిండా బీరు పోసి ఆ ఇసుకలో పాతాం.

వారం పోయాక హెండ్రిక్ వచ్చి జాడీ మూత తీసి అత్తకు దొప్పలో పోశాడు. ఆమె మింగి ఆలోచించింది.

"తీపి ఇంకా చావలా. చేదు నిలబడింది. ఇంకో వారం ఉండాల."

దేవానందం చెప్పగానే ఆయన తల ఊపాడు. తనూ ఇంకో వారమే అనుకున్నాడట. ఆ రోజు వాళ్ళిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ముంజలు తిన్నారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆ వారంలోనే అత్తకు జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోయింది. పిడుగురాళ్ళ డాక్టరు సూదులేశాడు. లేచి కూర్చునేసరికి మనిషి సగమైంది. మంచం దిగిన మొదటి రోజే పాకకొచ్చి దొప్ప పట్టింది. "తాగొచ్చు" అంది. చెన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆమె మంచంలో ఉన్నన్నాళ్ళూ అన్ని లొట్లూ కలిపేసి, దేవుడి మీద భారం వేసి అమ్మాం.

నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఆమె పుక్కిట పట్టడం మానేసింది. పట్టినట్టే పట్టి మింగేసేది. లొట్టి దగ్గర చెవి పెట్టి వినేది. నురగ వంక చూసేది. ఇంట్లో కూరలో ఉప్పు మర్చిపోయాను ఒకపూట. చెన్నయ్య కంచం నెట్టేశాడు. అత్త అంతా తినేసి లేచింది.

ఒకరోజు ఏసోబు లారీ ఆపి వచ్చాడు. సున్నపురాయి తోలే డ్రైవరు, మా పాకకు పాత మనిషి. మొదటి గుక్క నోట్లో పోసుకుని రోడ్డు మీదికి ఉమ్మాడు.

"పిన్నమ్మా, ఇది మీ కల్లేనా? అవతలి షెడ్డుదా?"

"ఎండకు నీ నోరే చెడింది పోరా" అంది అత్త.

ఏసోబు దొప్ప కింద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ దొప్ప తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. పులిసిపోయింది. ఆ లొట్టిని అత్త పొద్దున్న తాగొచ్చంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ మాట రోడ్డు దాటిందంటే సాయంత్రానికి పాక శేషగిరిరావుదే.

ఈలోగా హెండ్రిక్ బీరును సీసాల్లో నింపాడు. ఒక్కో సీసాలో నురగ పొంగాలని చిటికెడు బెల్లం వేసి, బిరడా కొట్టి, ఫ్యాక్టరీలో రాడ్లు కట్టే బైండింగ్ వైరుతో బిగించాడు. రెండో జాడీ సీసాలు ఇసుక అడుగున లోతుగా, మొదటి జాడీవి పై వరసలో పెట్టాడు. కిల్న్ వెలిగించే రోజు పెద్ద విందులో అందరికీ పొయ్యాలని ఆయన కోరిక. అప్పటిదాకా ముట్టుకోవద్దని దేవానందంతో రెండుసార్లు చెప్పించి పనిమీద హైదరాబాదు వెళ్ళాడు.

ఆయన లేనప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం పై వరసలో ఒక సీసా పేలింది. పల్నాడులో ఆ మోత వింటే నాటుబాంబే అనుకుని ముందు పరుగెత్తి తరవాత అడుగుతారు. పాకలో ఉన్నవాళ్ళు దొప్పలు వదిలేసి పొలాలకడ్డం పడి పారిపోయారు. ఒకాయన పంచె మా గుంజకు చుట్టుకుని అక్కడే ఉండిపోయింది. సాయంత్రం మనిషిని పంపి తెప్పించుకున్నాడు.

అత్త గుంట దగ్గరికెళ్ళి గాజుముక్కలు ఏరింది.

"మూతి బిగిస్తే ఊరుకుంటదా? ఊపిరాడొద్దూ దానికి? కల్లుకుండకు ఎవరైనా బిరడా కొడతారా?"

"ముట్టుకోవద్దన్నాడు గదా, అత్తమ్మా."

"ఆయనొచ్చేసరికి ఒక్కటీ మిగలదు. అప్పుడేం జెప్తావ్?"

పై వరస సీసాలన్నిటికీ వైర్లు విప్పి, బిరడాలు లాగి, గాలి పోనిచ్చి, మళ్ళీ వదులుగా పెట్టింది. రోజూ అదే పని. ఆయన సొత్తు కాపాడుతున్నానని ఆమె నమ్మకం. అడుగు వరస జోలికి పోలేదు.

కిల్న్ వెలిగించేది రేపనగా హెండ్రిక్ వచ్చాడు. విందులో పొయ్యకముందు అత్త మాట వినాలన్నాడు.

"ఆఫీసర్లు ఏం పోసినా వెరీగుడ్ సార్ అంటారంట. నువ్వైతే అనవంట" అన్నాడు దేవానందం.

పాకలో ఏసోబు ఉన్నాడు. క్వారీవాళ్ళు నలుగురైదుగురున్నారు. దొరను చూడ్డానికని శేషగిరిరావు కూడా రోడ్డు దాటి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"చూద్దాం, పిచ్చమ్మ నోరు బెల్జియం దాకా పనిచేస్తదో లేదో" అన్నాడు.

హెండ్రిక్ పై వరసలో సీసా తీశాడు. వైరు వదులుగా ఉండడం చూసి అత్త వంక చూశాడు. గాజుగ్లాసులో పోశాడు. కాఫీ డికాక్షన్ కంటే కాస్త ఎర్రన. నురగ లేదు. అత్త గ్లాసు చెవి దగ్గర పెట్టుకుంది. ఒక గుక్క మింగింది.

"చచ్చిపోయింది. పారబొయ్యి."

ఆయన ముఖం వాడిపోయింది. గ్లాసు పక్కన పెట్టి, మోచేయి దాకా ఇసుకలోకి పోనిచ్చి అడుగు వరస సీసా ఒకటి తీశాడు. దాని వైరు బిగువుగా ఉంది. విప్పగానే బిరడా పాక కప్పుకు తగిలింది. ఇద్దరు మళ్ళీ పరుగుకు లేచారు. నురగ గ్లాసు అంచు దాటి ఆయన చేతి మీదుగా కారింది. అందరూ ఓహో అన్నారు. అత్త ఆ నురగను చూసింది, చెవి పెట్టి వింది, తాగింది.

"తాగొచ్చు" అంది. ఎప్పుడూ లేంది ఇంకో మాట కూడా కలిపింది. "చానా బాగుంది."

హెండ్రిక్ అదే గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. మింగడానికి మాత్రం ఆలస్యం చేశాడు. అత్తకు దణ్ణం పెట్టాడు. దేవానందంతో ఒక్క మాటా చెప్పలేదు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది ఆ ఆలస్యం చూసి.

"ఏదీ, ఇటివ్వండి. పిచ్చమ్మ అంత మెచ్చుకుందంటే మేమూ చూడాలి గదా" అని శేషగిరిరావు చెయ్యి చాచాడు.

హెండ్రిక్ చేతిలో గ్లాసు ఉంది. ఇవ్వనూ లేడు, ఇవ్వకుండా ఉండనూ లేడు. నేను మధ్యలోకి వెళ్ళి ఆ గ్లాసు అందుకున్నాను. కింద పెట్టకుండా అడుగు కనపడేదాకా తాగేశాను.

పులుపు. చింతకాయ తొక్కు నీళ్ళలో పిసికినట్టు పులుపు. పళ్ళు జివ్వుమన్నాయి. రెండో జాడీలో ఏం పడిందో, బీరు పాడైపోయింది. ఆ పాడైనదే నురగ పొంగింది.

నోరు తుడుచుకున్నాను. కోడలు అత్త ముందు, మగవాళ్ళ ముందు గ్లాసెత్తి తాగడం అక్కడెవరూ ఎరగరు.

"ఏందమ్మాయ్, అంత దాహమా?" అన్నాడు శేషగిరిరావు.

"అత్తమ్మ చానా బాగుందన్న మాట ఎనిమిదేళ్ళలో ఇయ్యాలే విన్నానండీ. ఆగలేకపోయా" అన్నాను.

ఏసోబు గట్టిగా నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. నేను మొదటి సీసాలోది ఇంకో గ్లాసులో పోశాను. ఒక గుక్క తీసుకున్నాను. పుక్కిట పట్టాను. అత్త వైపు తిరిగాను.

"అత్తమ్మా, దీనికి నురగ చచ్చింది గనక పారబొయ్యమన్నావు. అది నిజమే. రుచి కూడా చెప్పమంటావా?"

అత్త నా వంక చూసింది. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు" అంది.

"ముందు బెల్లం తగిలింది. పాకం అడుగంటబోయే ముందు ఒక వాసనొస్తది చూడు, అది. దాని వెనకాల లవంగం. లవంగం మనం వెయ్యలేదు, అయినా ఉంది. నాలిక నడిమధ్య ఖర్జూరపండు. మింగబోతే చేదు. వేపపువ్వు చేదు. ఉంటదేమో అనుకునేలోపు పోయింది. ఇప్పుడు గొంతులోనించి పొట్టలోకి వేడి దిగతా ఉంది. మన కల్లుకు రెండింతలు బలం ఉంటది. తీపీ చేదూ ఒకదాన్నొకటి తోసుకోటల్లా. ఇంత మంచిది నేనెప్పుడూ నోట్లో పెట్టలా."

దేవానందం అదంతా ఇంగ్లీషులో చెప్పడానికి చెమటలు కక్కాడు. లవంగం దగ్గర హెండ్రిక్ అతన్ని ఆపాడు. మళ్ళీ చెప్పించుకున్నాడు. తరవాత చాలాసేపు తన భాషలోనో, ఇంగ్లీషులోనో మాట్లాడాడు.

"లవంగం ఆ తోడులోదంటమ్మా. ఎక్కడ కాచినా అది రావాలంట, వస్తేనే వాళ్ళ నాన్న బీరంట. ఈ ఎండకు రాదేమో అని ఇన్నాళ్ళూ బెంగపడ్డాడంట."

గ్లాసులో మిగిలింది నేనే శేషగిరిరావు చేతికిచ్చాను. ఆయన తాగాడు. ఏదో అనబోయాడు. మళ్ళీ తాగాడు.

"బాగానే ఉంది" అన్నాడు. "నురగ లేదు గానీ."

"నురగ లేదనే మా అత్తమ్మ చెప్పింది" అన్నాను.

హెండ్రిక్ అడుగు వరసంతా తనే బయటికి తీసి, పొలం గట్టున పారబోశాడు. ఎందుకని ఎవరూ అడగకముందే, ఇవి విందుకు బలం చాలవని దేవానందంతో చెప్పించాడు. పై వరస సీసాలు జీపులో గడ్డి పరిచి ఎక్కించుకున్నాడు. నురగ లేకుండానే పోస్తాడట. ఆఫీసర్లు ఎట్లాగూ వెరీగుడ్ సార్ అంటారు, తనకు రుచి తెలిసింది చాలన్నాడట. వెళ్ళేముందు అత్త రెండు చేతులూ పట్టుకున్నాడు. నాకు తల వంచాడు.

పాక ఖాళీ అయింది. నేను లొట్లు కడుగుతున్నాను. అత్త వచ్చి పక్కన కూర్చుని ఒక లొట్టి అందుకుంది. ఆమె లొట్లు కడిగి ఎన్నో ఏళ్ళయింది.

"రెండోది ఎట్టుంది?"

"పులిసింది."

"చానానా?"

"చానా."

"గ్లాసంతా తాగావ్."

"ఆయన చెయ్యి చాపాడుగా మరి."

లొట్టిలో చెయ్యి తిప్పుతూ ఉంది. దాని లోపల ఎప్పుడో శుభ్రమైపోయింది.

"జొరం పోయినకాడ్నించి కారం తప్ప ఏదీ తెలవట్లా" అంది. "వస్తదేమోనని చూస్తన్నా."

"తెలుసు, అత్తమ్మా."

"మావోడికి?"

"చెప్పలా."

"ఏసోబుకు?"

"ఏసోబన్నకు తెలిసే ఉంటది. అయినా ఇయ్యాల వచ్చాడుగా."

ఆమె ఆ లొట్టి బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. రాత్రి అన్నం తినలేదు. నేను పిలవలేదు.

తెల్లవారి చెన్నయ్య లొట్లు తెచ్చి ఎప్పట్లాగే తల్లి ముందు పెట్టబోయాడు.

"దాని ముందర పెట్టు" అంది అత్త.

"దేని ముందర?"

"నీ పెళ్ళాం ముందర."

"దానికేం తెలుసే? నిన్న ఒక్క గ్లాసు తాగిందని..."

"చెట్టు దిగినోడివి, నీకెందుకురా? పెట్టు."

చెన్నయ్య నన్నూ తల్లినీ మార్చి మార్చి చూశాడు. లొట్టి నా ముందు దించాడు. నేను వంచుకుని నోట్లో పోసుకున్నాను. నాగులేరు మలుపులో ఉండే పోతుతాడుది. పొద్దెక్కేలోపు దించింది. మింగి, బాగుందని చెప్పబోయాను.

"అట్టా ఒక్క మాటలో కాదు" అంది అత్త. కాళ్ళు ముడుచుకుని గుంజకు ఆనుకుంది. కళ్ళు మూసుకుంది. "అంతా చెప్పు. నిదానంగా చెప్పు."

చెన్నయ్య చెట్లెక్కే మోకు భుజాన వేసుకుని అట్లాగే నిలబడిపోయాడు. నేను ఇంకో గుక్క పుక్కిట పట్టాను.

"ముందు తియ్యగా తగిలింది, అత్తమ్మా. లేతకొబ్బరి తీపి. ఎక్కువసేపు లేదు..."

"ఊఁ" అంది. ఆమె గొంతు కదిలింది, మింగినట్టు. "తరవాత?"